‘ఎందుకు నొక్కినావు?’ అని పెద్దవాళ్లను అడగడం మానేద్దాం

మా నాయన పోయిన నవంబరులో పది రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో అయిపోయే పని. ఎందుకు చెప్పలేదో తెలిసిన రోజు నుంచి ఇది రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. నేను అనంతపురంలో టీచరుగా పనిచేస్తున్నాను. అమ్మ పోయినాక నాయన ఊర్లో ఒక్కడే ఉంటున్నాడు. చెనిక్కాయ పీకి కుప్ప వేసినాక, ఏ ధరకు అమ్మాలో చూద్దామని సెల్లులో ‘వేరుశనగ ధర ఈరోజు’ అని మైకులో చెప్పి వెతికాడంట. ఏదో సైటు తెరుచుకుంది. ధరలేమీ కనిపించలేదు. గుండ్రంగా ఒకటి తిరుగుతూ ఉంది, దాని కింద ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని ఉంది. పైన చిన్న పెట్టెలో ఇంగ్లీషులో రెండు మాటలు. ఒకటి అలో, అంటే అనుమతించు; ఇంకోటి బ్లాక్, అంటే ఆపు. నొక్కితేనే ధర కనపడుతుందేమో అని నొక్కాడు.

ఆ సాయంత్రం నుంచి మొదలైంది. ‘మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’. ‘మీ బ్యాంకు ఖాతా ఈ రాత్రికి ఆగిపోతుంది’. ‘మీ ఫొటోలు బయటికి వెళ్తున్నాయి, వెంటనే ఆపండి’. కొన్ని హిందీలో, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని వచ్చీరాని తెలుగులో. రాత్రి పదకొండుకు, తెల్లవారుజామున నాలుగుకు టింగు టింగుమని. పంట అమ్మిన డబ్బు కూడా ఆ రోజుల్లోనే ఖాతాలో పడింది. ఆ మనిషికి ఎంత భయం వేసి ఉంటుందో ఆలోచించండి. రోజూ పొద్దున్నే బ్యాంకు దగ్గరికి పోయి, డబ్బు ఉందా లేదా అని పాసు పుస్తకంలో ఎక్కించుకొని వచ్చేవాడంట.

పదకొండో రోజు ఒక సెల్లు షాపుకు తీసుకుపోయాడు. ఆ షాపు పిల్లోడు ‘వైరస్ ఎక్కింది, మొత్తం కొట్టేయాల్సిందే’ అని ఫోన్‌ను రీసెట్ చేసి మూడు వందలు తీసుకున్నాడు. బ్యాకప్ ఉందా అని అడగలేదు. ఫొటోలున్నాయా అని అడగలేదు.

అమ్మ ఫొటోలు చాలావరకు అక్క దగ్గరా నా దగ్గరా ఉన్నాయి, అవన్నీ మళ్లీ పంపించాం. కానీ అమ్మ వసారాలో కూర్చుని చెనిక్కాయలు వలుస్తూ పాట పాడుతుంటే నాయన తీసిన వీడియో ఒకటి ఉండేది. రెండు నిమిషాలది. ఎవరికీ పంపలేదు. తన కోసం తీసుకున్నాడు, తనే చూసుకునేవాడు. అది పోయింది.

నేను ఏడుస్తూ ‘మాకెందుకు చెప్పలేదు నాయనా’ అంటే ఆయన అన్న మాట: ‘చెప్తే, ఎందుకు నొక్కినావు అంటారు కదా పాపా.’

నిజమే. అంతకు ఏడాది ముందు ఏదో లింకు నొక్కినందుకు నేనే అలా గట్టిగా అన్నాను. నాకు గుర్తు కూడా లేదు. ఆయనకు గుర్తుంది.

మార్కెట్ యార్డులో తూకం దగ్గర తరుగు ఎంత తీస్తున్నారో చూపుతోనే పట్టేసే మనిషి మా నాయన. చేతిలోకి నాలుగు కాయలు తీసుకొని ఊపి, గింజ నిండిందో లేదో చెప్తాడు. అట్లాంటి మనిషిని పట్టుకొని ‘నీకు తెలివి లేదు, నీకు ఫోన్ ఎందుకు’ అన్నట్టు మాట్లాడటానికి మనకు ఏం హక్కు ఉంది? ఆయన మోసపోయింది తెలివి లేక కాదు. ఆ మోసాన్ని తయారుచేసిన తీరు అలాంటిది. అది ఎట్లా పనిచేస్తుందో నేను తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. తెలుసుకునేకొద్దీ కోపం పెరిగింది.

పాప్‌అప్ యాడ్ వేరు, మా నాయనకు వచ్చిన ఈ నోటిఫికేషన్ వేరు. పాప్‌అప్ అంటే సైటు తెరిచినప్పుడు మీద పడే కిటికీ. సైటు మూసేస్తే చాలావరకు అదీ పోతుంది. 1990ల చివర్లో ఆ పాప్‌అప్ కోడ్ రాసినవాళ్లలో ఒకరైన ఈథన్ జుకర్‌మన్, తాను చేసిన పనికి 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆయన క్షమాపణ చెప్పిన మరుసటి ఏడాదే, 2015 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ చూసే క్రోమ్ బ్రౌజర్‌లో సైట్లు నోటిఫికేషన్లు పంపే ఏర్పాటు వచ్చింది. వార్తలు, మెయిళ్లు, స్కోర్లు సైటు తెరవకపోయినా తెలియాలని పెట్టిన మంచి ఏర్పాటే అది. కానీ ఒక్కసారి అలో నొక్కితే చాలు. ఆ సైటు మూసేసినా, బ్రౌజర్ మూసేసినా, నెలల తరబడి వాళ్లు ఏమైనా పంపవచ్చు. దాన్ని మోసగాళ్లు పట్టుకున్నారు.

ఇందులో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఒకటుంది. ఆ దొంగ మెసేజి వచ్చి కూర్చునే చోటు ఏది? బ్యాంకు మెసేజి వచ్చే చోటే. గ్యాస్ బుకింగ్ మెసేజి వచ్చే చోటే. మనవరాలి వాట్సాప్ వచ్చే చోటే. ఫోన్ పైనుంచి కిందికి లాగితే అన్నీ ఒకే వరుసలో, ఒకే అక్షరాల్లో ఉంటాయి. అది ఏ సైటు నుంచి వచ్చిందో బూడిద రంగులో చిన్న అక్షరాలతో పక్కన ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. అరవై ఏళ్ల కళ్లకు ఆ అక్షరాలు ఆనవు. అందుకే మా నాయన ‘ఎవరో పంపినారు’ అనుకోలేదు, ‘ఫోనే చెప్తా ఉంది’ అనుకున్నాడు. తన ఫోన్ తనకు అబద్ధం చెప్తుందని ఎవరు అనుకుంటారు?

ఇంక ఆ అలో మాట. తెలుగు మాత్రమే చదవగలిగే మనిషి ముందు ఇంగ్లీషులో ప్రశ్న పెట్టి, దాని కింద ‘ఇది నొక్కితేనే పని అవుతుంది’ అని తెలుగులో అబద్ధం రాసి, నొక్కించుకుని, దాన్ని ‘అనుమతి’ అంటే నేను ఒప్పుకోను. ఏం రాసుందో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకున్న కాగితాన్ని మనం అనుమతి అనం, మోసం అంటాం. ఇదీ అంతే.

అనుమతి అడిగే పద్ధతి మారడానికి వీల్లేదా అంటే, ఉంది. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ 2020 జనవరి నుంచి, సైటు తెరవగానే ఈ పెట్టె మీద పడకుండా ఆపేసింది. క్రోమ్ కూడా అదే ఏడాది కొంత తగ్గించే ఏర్పాటు చేసింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అనుమానంగా ఉన్న నోటిఫికేషన్ల మీద హెచ్చరిక చూపించడం 2025లో మొదలైంది. మంచిదే. కానీ 2015 నుంచి 2025 దాకా పదేళ్లు. ఇంత సమయం ఎందుకు పట్టాలి? నా మాట ఒక్కటే: ఏ బ్రౌజరైనా కొత్త ఫోన్‌లో ఈ తలుపు మూసే రావాలి. కావలసినవాళ్లు వెతుక్కుని తెరుచుకుంటారు. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు.

మన దేశంలో నియమం లేదా అంటే అదీ ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. కొనేవాళ్లను మాయ చేసే 13 రకాల పద్ధతులు అందులో ఉన్నాయి. ‘త్వరగా, ఇంకా కొద్దిసేపే’ అని తొందరపెట్టడం అందులో ఒకటి. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని నమ్మించి, అది తీసేస్తామని డబ్బు కట్టించుకోవడం ఇంకొకటి. మా నాయనను భయపెట్టింది కూడా ఆ వైరస్ మాటతోనే. కానీ పేరూ ఊరూ లేని సైటు నడిపేవాణ్ని ఆ నియమంతో ఎవరు పట్టుకుంటారు? అందుకే, తలుపు ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగాలి అంటున్నాను.

ఈ లోపల మన ఇంట్లో ఫోన్లు మనమే చూసుకోవాలి కాబట్టి, చేయాల్సింది చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కు, అక్కడ నోటిఫికేషన్స్‌కు పోండి. అలో అయిన సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేరు ఏది ఉన్నా దాన్ని నొక్కి బ్లాక్ చేయండి. పెద్దవాళ్ల ఫోన్ అయితే, అది చేసినాక పైన ఉన్న మీటను కూడా ఆపేయండి, ఇంక కొత్తగా ఏ సైటూ అడగదు. వాట్సాప్, బ్యాంకు మెసేజీలు దీనివల్ల ఆగవు, అవి వేరే దారిలో వస్తాయి. రీసెట్ అవసరం లేదు. మూడు వందలు అవసరం లేదు. ఫొటోలు ఎక్కడికీ పోవు.

ఏ బ్రౌజరూ తెరవకుండానే స్క్రీన్ నిండా యాడ్లు వస్తుంటే అది సైటు పని కాకపోవచ్చు. ఈ మధ్య ఎక్కించిన యాప్ ఏదో చేస్తుంటుంది. ఫోన్ శుభ్రం చేస్తామనే యాప్‌లు, టార్చి యాప్‌లు, వాల్‌పేపర్ యాప్‌లు ముందు చూడండి. అనుమానం ఉన్నది తీసేయండి.

కంప్యూటర్‌లో అయితే ఇంకో రకం. మా స్కూల్ ఆఫీసులో ఒకసారి స్క్రీన్ మొత్తం ఎర్రగా అయిపోయి, సైరన్ మోగుతూ, ‘ఈ నెంబరుకు ఫోన్ చేయండి, కంప్యూటర్ ఆపొద్దు’ అని వచ్చింది. హెడ్మాస్టరు గారు నిజంగానే నెంబరు రాసుకుంటున్నారు. తమ హెచ్చరికల్లో ఫోన్ నెంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టే చెప్తుంది. నెంబరు కనిపించిందంటే అది దొంగదే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే మామూలు స్క్రీన్ వస్తుంది. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయాలి. ఆ రోజు అదే చేశాం.

ఎవరైనా నిజంగా డబ్బు పోగొట్టుకుంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే ఆపడానికి అంత వీలుంటుంది. ‘ఇంట్లో తెలిస్తే తిడతారు’ అని ఒక రాత్రి ఆగితే ఆ వీలు పోతుంది. మన తిట్లకు ఇంత ఖరీదు ఉంది.

కొన్ని వారాల కిందట తొమ్మిదో తరగతిలో పిల్లల్ని అడిగాను, ఇంట్లో ఫోన్‌లో అలో ఎవరు నొక్కారు అని. సగానికి పైగా చేతులెత్తారు. క్రికెట్ ఉచితంగా చూపిస్తామనే సైట్లలో, కొత్త సినిమా సైట్లలో నొక్కారంట. పిల్లలు నొక్కుతారు, నోటిఫికేషన్లు అవ్వాతాతల కళ్ల ముందు పడతాయి. ఒక పాప లేచి ‘మేడమ్, మా అవ్వ ఫోన్‌ను చూసి దండం పెట్టుకుంటా ఉంది, చెడ్డది ఏమీ కాకూడదని’ అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు లెక్కల పాఠం ఆపేసి, పైన చెప్పిందంతా బోర్డు మీద రాసి, ఇంటికి పోయి చేసి రమ్మన్నాను. మరుసటి రోజు ఆ పాప చెప్పింది, అవ్వ ఫోన్‌లో జాబితా ఎంత కిందికి తోసినా అయిపోలేదంట.

అందుకే ఇప్పుడు రెండు ఆదివారాలుగా మా ఊర్లో రామాలయం కట్ట మీద కూర్చుంటున్నాను. మొదటివారం ఆరుగురు వచ్చారు, పోయినవారం ఇరవై మంది దాకా. చాలామంది ముందే సంజాయిషీ చెప్తున్నారు: ‘నేనేమీ నొక్కలేదమ్మా, దానంతట అదే వచ్చింది.’ నేను అడగట్లేదు. నాయన పక్కన కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లకు మూడు చుక్కలు ఎక్కడుంటాయో చూపిస్తున్నాడు.

ఈ ఆదివారం కూడా ఉంటాను. ఉరవకొండ, వజ్రకరూరు వైపు వాళ్లు ఎవరైనా రావచ్చు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. కట్ట దగ్గర కరెంటు ప్లగ్గు లేదు, ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకొని రండి.