సవరణ: ఫోర్క్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ ఒకటి కావు

బైక్ ముందు చక్రాన్ని పట్టి ఉంచి, గతుకుల కుదుపు తగ్గించే ఫోర్క్‌లో పోసే ఫోర్క్ ఆయిల్ దొరక్కపోతే 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్ పోసినా సరిపోతుందని, రెండింటి మీదా 10డబ్ల్యూ అనే ఉంటుందని గత వారం రాశాను. అది తప్పు. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఇంజిన్ ఆయిల్‌లో 10డబ్ల్యూ అనేది గడ్డకట్టే చలిలో ఆ నూనె ఎలా కదులుతుందో చెప్పే అంకె. 40 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ-30 చిక్కదనం సుమారు 70 సెంటీస్టోక్స్ ఉంటుంది (ఈ అంకె ఎంత ఎక్కువైతే నూనె అంత చిక్కన). 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్‌ది ఎక్కువగా 30 నుంచి 45 మధ్యే. అంత చిక్కటి ఇంజిన్ ఆయిల్ డ్యాంపర్‌లోని, అంటే ఫోర్క్ ఊగిసలాటను అదుపు చేసే భాగంలోని, సన్నని రంధ్రాల గుండా త్వరగా పోలేదు. సికింద్రాబాద్ వైపు గతుకుల్లో ఇంజిన్ ఆయిల్ పోసిన నా బండి ముందు చక్రం దడదడలాడింది అందుకే. నేనేమో స్ప్రింగ్ పాడైందనుకున్నాను.

ఇంకో సంగతి. ఫోర్క్ ఆయిల్‌లో కూడా ఒక కంపెనీ 10డబ్ల్యూ, మరో కంపెనీ 10డబ్ల్యూ ఒకేలా ఉండవు. రాణిగంజ్‌లో కొనేటప్పుడు డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ ఎంతో చూడండి, మాన్యువల్‌లో చెప్పిన నూనెతో పోల్చుకోండి. ఎంత నూనె పోయాలన్నది కూడా మాన్యువల్ ప్రకారమే. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి, ఫోర్క్ కిందికి దిగేకొద్దీ బిగుసుకుపోతుంది, నూనె కారకుండా ఆపే సీల్ మీద ఒత్తిడి పడుతుంది.

గత వారం సైకిల్ ఫోర్క్ గురించి రాసింది మాత్రం మార్చడం లేదు. చాలా వాటిలో డ్యాంపర్ నూనె వేరు, కింది కాళ్లలో పోసే కొద్దిపాటి నూనె వేరు.

నా మాట విని ఇప్పటికే ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లు నన్ను క్షమించాలి. వెంటనే తీయించి సరైనది పోయించండి.