లారీ ఆగే వేళకు క్లినిక్ తెరిచి ఉంటుందా?

లారీ డ్రైవర్, హెచ్ఐవీ అనే రెండు మాటలు పక్కపక్కన పడితే చాలు, కథంతా తెలిసిపోయినట్టే మాట్లాడతాం. నెలల తరబడి రోడ్డు మీదుంటాడు, తాగుతాడు, ఎక్కడెక్కడో తిరిగి జబ్బు ఇంటికి తెస్తాడు. ఈ కథ ఇంతగా పాతుకుపోవడంలో పరిశోధకుల పాత్ర కూడా ఉంది. వాళ్ల నివేదికల్లో డ్రైవర్లకు పెట్టిన పేరు 'వారధి జనాభా'. అంటే సెక్స్ వర్కర్లకూ ఇంట్లో భార్యలకూ మధ్య వైరస్ దాటే వంతెన. వంతెన దాటి అవతలికి ఎంత జబ్బు పోతోందో లెక్కలు బాగానే కట్టారు గానీ, ఆ మనిషికి ఒంట్లో ఎలా ఉందని అడిగినవాళ్లు తక్కువ.

అంకెలు నిజంగానే భయపెట్టేవి. 1980ల చివర్లో ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన ఒక అధ్యయనంలో 35 శాతం డ్రైవర్లకు హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్‌లో ట్రక్ స్టాపుల దగ్గర చేసిన అధ్యయనంలో అది 56 శాతం. ఈ రెండో అంకెను ఇప్పటికీ చాలామంది ఎత్తిచూపుతుంటారు. కానీ అక్కడ పరీక్షించింది సెక్స్ వర్కర్ల దగ్గరికి వచ్చిన డ్రైవర్లనే, అందరినీ కాదు. ఇక భారత్‌లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిఘా లెక్కల ప్రకారం దూర ప్రయాణాల డ్రైవర్లలో 2010-11లో 2.59 శాతం ఉన్న హెచ్ఐవీ, 2017 నాటికి 0.86 శాతానికి దిగింది. అదే ఏడాది దేశంలోని మొత్తం వయోజనుల్లో అది 0.22 శాతం. తగ్గింది, నిజమే. అయినా దాదాపు నాలుగు రెట్లు.

ఎందుకు ఎక్కువ? స్వభావం మీదికి నెట్టేయడం తేలిక. నాకు మాత్రం అసలు చిక్కంతా లారీ ఆగిన గంటల్లో కనిపిస్తుంది. సరిహద్దులో కాగితాలు తేలేదాకా రెండు మూడు రోజులు, గోడౌన్ దగ్గర అన్‌లోడింగ్ వంతు వచ్చేదాకా ఒక రాత్రి. సరుకు వదిలి దూరంగా పోవడానికి లేదు. ట్రిప్పు లెక్కన డబ్బులిచ్చే చోట ఈ ఎదురుచూపుకి పైసా రాదు. ఎవరికీ తెలియని చోట, నిద్ర పట్టని ఒంటరితనంలో, కాలక్షేపానికి దగ్గర్లో దొరికేవి మందు, తోడు. ప్రభుత్వ క్లినిక్ తలుపులు మాత్రం సాయంత్రానికే మూసేస్తారు.

రాత్రి తొమ్మిదికి లారీ ఆపి దిగిన డ్రైవర్‌కి మూత్రం పోస్తుంటే మంట. తెల్లారేసరికి మళ్లీ స్టీరింగ్ పట్టాలి. దొరికిన మందుల షాపులో కౌంటర్ మీదికి వంగి, పక్కవాళ్లకి వినపడకుండా గొణిగి, మూడు మాత్రలు తెచ్చుకుంటాడు. మంట తగ్గుతుంది, జబ్బు లోపలే ఉండిపోవచ్చు. సిఫిలిస్ ఇంకా మోసకారి. నొప్పి లేని పుండు లేస్తుంది, కొన్ని వారాలకు మందు వేసుకోకపోయినా దానంతటదే మానిపోతుంది. 'పోయిందిలే' అనుకుంటాడు. ఇలాంటి సుఖవ్యాధులు ఒంట్లో ఉంటే హెచ్ఐవీ సోకడం మరింత సులువవుతుంది.

కండోమ్ చిరిగిన రాత్రి సంగతి చూడండి. హెచ్ఐవీ సోకకుండా ఆపే అత్యవసర మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులు ఆపకుండా వాడాలి. ఆ 72 గంటలూ చెక్‌పోస్టు క్యూలోనే గడిచిపోతే?

ఇప్పటికే హెచ్ఐవీ ఉన్న డ్రైవర్‌ది ఇంకో టెన్షన్. మందులు సక్రమంగా వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే, సెక్స్ ద్వారా అది ఇంకొకరికి సోకదు. ఇది తేలిపోయిన విషయం. అలాంటప్పుడు ఆ డ్రైవర్ ఇక ఏ వారధీ కాదు. కానీ క్యాబిన్‌లో పక్క సీట్లో క్లీనర్ ఉంటాడు, 'రోజూ ఏం మాత్రలన్నా అవి?' అని అడుగుతాడు. అందుకే డబ్బా పారేసి మాత్రలను వేరే కవర్లోకి మార్చుకోవాల్సి వస్తుంది. నెల మందులు అయిపోయేసరికి లారీ వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చికిత్సలో నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నుంచి ఆరు నెలల మందులు ఒకేసారి ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. 'మందులు మధ్యలో మానేశారు' అని రికార్డులో రాసుకునే ముందు, చేతికి ఎన్ని ఇచ్చి పంపామో చూసుకుంటే బాగుండు.

దారి లేకపోలేదు. 2006లో ప్రపంచ ఆహార కార్యక్రమం, టీఎన్‌టీ అనే రవాణా కంపెనీ కలిసి పెట్టిన నార్త్ స్టార్ సంస్థ, ఆఫ్రికా రహదారుల పక్కన పాత షిప్పింగ్ కంటైనర్లనే క్లినిక్‌లుగా మార్చింది. లారీలు ఆగే చోటే, ఆగే వేళకే తెరుస్తారు. అక్కడ బీపీ చూపించుకోవచ్చు, నడుం నొప్పికి మందు తీసుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. బయట ఎయిడ్స్ బోర్డు ఒక్కటే వేలాడితే ఆ మెట్లెక్కడానికి ఎవరికైనా జంకే. సెక్స్ వర్కర్లు కూడా ఆ తలుపు తట్టగలగాలి, లేకపోతే సగం పనే అయినట్టు.

ఇప్పుడు లెనకాపవిర్ వచ్చింది. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్, హెచ్ఐవీ సోకకుండా ముందే కాపాడుతుంది. అమెరికాలో 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. రోజూ మాత్ర దాచుకునే బాధ లేదు కాబట్టి డ్రైవర్ల కోసమే చేసినట్టుంది. అయితే రెండో డోసు నాటికి ఆ లారీ ఎక్కడుంటుందో ఓనరే చెప్పలేడు. అక్కడి క్లినిక్‌లో కంప్యూటర్ తెరిస్తే ఇతని మొదటి డోసు తేదీ కనిపించాలి.