1.6 గిగాహెర్ట్జ్ గారికి, రోహిణి కార్తె నుంచి

మహారాజశ్రీ 1.6 గిగాహెర్ట్జ్ గారి సముఖానికి, నెల్లూరు మూలాపేట నుంచి నమస్కరించి వ్రాసుకునే విన్నపం.

నిన్న ఉదయం సరిగ్గా 11 గంటలకు, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో తత్కాల్ స్లీపర్ బుకింగ్ తెరుచుకున్న క్షణంలోనే, మా టాబ్లెట్ ప్రాసెసర్‌ను కంపెనీ హద్దు దాటించి నేను పరుగెత్తించిన వేగమైన తమరు, ఆ టాబ్లెట్‌నే ఆర్పివేశారు. క్యాప్చా సగం కొట్టాను, తెర నల్లబడింది. కంపెనీ లోగో వచ్చింది, దాని వెనకే, కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు నేను ఎక్కించుకున్న కస్టమ్ రోమ్ వారి గిరగిర తిరిగే బొమ్మ వచ్చింది, ఆ బొమ్మ తిరిగి తిరిగి అలసిపోయి మళ్ళీ కంపెనీ లోగోకే చేరుకుంది. సంచి సర్దుకుని మంచం మీద కూర్చున్న మా మామ, "ఏందబ్బయ్యా, దొరికిందా?" అని అడిగాడు. తమరు ఏమీ సెలవివ్వలేదు కనుక నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి పట్టుకుని, కూలిన పరికరాన్ని బాగుచేసుకునే రికవరీ మెనూలోకి వెళ్ళి, పాత బ్యాకప్‌ను తిరిగి ఎక్కించుకునేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. మధ్యలో కరెంటు కూడా పోయింది, అది తమరి తప్పు కాదు.

తమరి కీర్తి చిన్నది కాదు. కంపెనీవారు 1.2 దగ్గర కట్టేసి పంపిన ప్రాసెసర్‌ను కొత్త కెర్నల్, అంటే ప్రాసెసర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఎక్కించి విడిపిస్తే 1.6 దాకా పరుగెడుతుందని, వేగం మార్చే యాప్‌లో స్లైడర్‌ను కుడివైపుకు జరపడమే ఆలస్యమని, తమరి భక్తులు వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ పరీక్షల మార్కుల స్క్రీన్‌షాట్లు చూపించి మరీ చెప్పారు. అవి అబద్ధాలని నేను అనను. ఏసీ గదిలో తీసిన స్క్రీన్‌షాట్లని మాత్రం అంటాను. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. మా మేడగదికి పైన సిమెంటు డాబా తప్ప మరో నీడ లేదు, పెన్న ఇసుక మీదుగా వచ్చే వడగాలినే ఫ్యాను మళ్ళీ మా మీదికి విసురుతుంది. టాబ్లెట్‌లో ఆ ఫ్యాను కూడా లేదు. లోపలి వేడి వెనకనున్న అల్యూమినియం రేకు గుండా బయటికి పోవాలంటే బయట కాస్తయినా చల్లగా ఉండాలి కదా. 42 డిగ్రీల గదిలో అది ఎక్కడికి పోతుంది?

తమరు లెక్కలు దాచారని కూడా అనలేను. కెర్నల్‌లోని వోల్టేజి పట్టికలో 1.2కు ఎదురుగా 1100 మిల్లీవోల్టులు, తమరికి ఎదురుగా 1250 అని స్పష్టంగానే ఉంది. ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగితే ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు అంత పెరుగుతుంది, వోల్టేజికైతే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. ఆ రెండూ గుణించుకుంటే, మూడో వంతు వేగం కోసం తమరికి నేను సమర్పించుకున్న అదనపు వేడి 70 శాతం పైమాటే. అది చాలదన్నట్టు, సిలికాన్ కాగినకొద్దీ పనికి రాకుండా జారిపోయే లీకేజీ కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటు మళ్ళీ వేడిగానే మారుతుంది. కాగిన చిప్‌లో సంకేతాల నడక మందగిస్తుంది, లెక్కలకు తాళం వేసే తమరి గడియారం మాత్రం ఆగదు. మొదటి టిక్కుకు పూర్తికావలసిన లెక్క పూర్తికాకముందే రెండో టిక్కు వచ్చిపడుతుంది. నిన్న 11 గంటలకు జరిగింది ఇదే.

క్రాష్ కాని రోజుల సంగతి మరీ ఘోరం. టాబ్లెట్‌ను కడప బండల నేల మీద బోర్లా పెట్టి, కెమెరా పక్కన వేలు పెడితే చురుక్కుమనేది. ఉష్ణోగ్రత హద్దు దాటగానే కెర్నల్‌లోని కాపలావాడు వచ్చి ఫ్రీక్వెన్సీని కిందికి నొక్కేస్తాడు, మధ్యలో ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లలో రెండింటిని నిద్రపుచ్చుతాడు కూడా. అప్పుడు యాప్‌లో పెద్ద అంకెలతో "గరిష్ఠం 1600" అని తమరే వెలుగుతూ ఉంటారు, దాని కింద చిన్న అంకెల్లో అసలు నడుస్తున్న వేగం 700, కాసేపటికి 500. అయ్యా, ఇంక మీరూ తమరూ అనడం నా వల్ల కాదు. నువ్వు రాకముందు ఇదే గదిలో, ఇదే ఎండలో, ఈ టాబ్లెట్ 1.2 మీద బుద్ధిగా నడిచేది. నువ్వు వచ్చాక 1.2 కూడా కంటికి కనపడలేదు. వేగం పెంచుతానని వచ్చి ఉన్న వేగాన్ని మింగి, పైన బోర్డు మాత్రం నీ పేరుతో వేలాడదీస్తావా? ఇదే మోడల్ టాబ్లెట్ ఒంగోలు మిత్రుడి దగ్గర నీతో సజావుగానే నడుస్తోందట. ఒకే అచ్చులో పోసిన చిప్‌లు కూడా ఒకేలా ఉండవని నువ్వు ముందుగా చెప్పవు, ఎవరికి ఏది దక్కితే అది.

నీ కోసం, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కంపెనీ వేసిన బూట్‌లోడర్ తాళం తీసినప్పుడే పాత ఫోటోలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, వారంటీ పోయింది, రూట్ చేసిన, అంటే లోపలి అధికారాలన్నీ తెరిచిన, పరికరమని పేమెంట్ యాప్ గుమ్మంలోనే ఆపేసింది. వ్రతం చెడ్డా ఫలం దక్కలేదు. వేగం ఎప్పుడెంతో నిర్ణయించే గవర్నర్ అనే అమరికను "పర్ఫార్మెన్స్"కు పెడితే పనీపాటా లేనప్పుడు కూడా చిప్‌ను శిఖరం మీదే నిలబెట్టి బ్యాటరీ తాగించావు. చివరికి ఆ తత్కాల్ పేజీ ఎదురుచూసేది అవతలి సర్వర్ జవాబు కోసం, నీ కోసం కాదు. నువ్వు 1.6 అయినా 3.2 అయినా ఆ జవాబు వచ్చినప్పుడే వస్తుంది.

పరికరం ఆన్ అయిన ప్రతిసారీ అదే వేగాన్ని మళ్ళీ పెట్టమనే, యాప్‌లోని "సెట్ ఆన్ బూట్" గడిలో కొట్టే ఆ టిక్కును కనిపెట్టిన మహానుభావుడికి వేరే లేఖ రాయాలి. కూలిపోయిన ప్రతిసారీ, లేవగానే, మొదట కూల్చినవాడికే మళ్ళీ తాళంచెవులు అప్పగించే ఏర్పాటు అది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కిందటి కార్తీకంలో, వాయుగుండం పట్టి వీధులన్నీ నీళ్ళలో ఉన్న రోజుల్లో, స్కాన్ చేసిన మా అడంగల్ కాగితాల పీడీఎఫ్ నీ దయవల్ల వేలు కదిపినంతలో పేజీ తిరిగింది. అంతకుముందు ఒక్కో పేజీ మసకగా వచ్చి, ఆలోచించుకుని, అప్పుడు తేటపడేది. ఆ నాలుగు రోజులు నువ్వంటే నాకు నిజంగానే ముచ్చట వేసింది. అందుకే నిన్ను పూర్తిగా చెరిపివేయలేదు, కెర్నల్‌ను అలాగే ఉంచి స్లైడర్‌ను 1.2 దగ్గరికి దించి కూర్చున్నాను.

కనుక మళ్ళీ మర్యాదగానే మనవి చేస్తున్నాను. తమరు ఈ ఎండల్లో శ్రమపడి రావద్దు. అల్లుడి మాదిరిగా సంక్రాంతికి రండి, తెల్లవారుజామున చలి ఉన్నంతసేపు ఉండండి. వచ్చేటప్పుడు 1.4కు తగ్గి రండి, వోల్టేజి కూడా ఒక మెట్టు దించుకుని రండి, ఆ "సెట్ ఆన్ బూట్" టిక్కును మాత్రం వెంట తీసుకురాకండి.

ఇట్లు,
తమరి వేడికి నోచుకున్న
మూలాపేట మేడగది వాస్తవ్యుడు