కౌంటరు స్వాములు

మొన్న మా వాళ్ళ పెళ్ళిలో బంతికి కూర్చుంటే, నా పక్క విస్తట్లో మా అక్క కొడుకు గుత్తివంకాయ వద్దన్నాడు. ఉల్లిపాయ పడిందని ఆవడ పెరుగూ వద్దన్నాడు. ఇరవై ఆరేళ్ళ సాఫ్ట్‌వేరు కుర్రాడు, ఈమధ్య దాకా అర్ధరాత్రి బిర్యానీ ఆర్డరు పెట్టిన మనిషి. ఏమైందిరా అంటే గొంతు బాగా తగ్గించి "ఇవాళ్టికి అరవై మూడో రోజు మావయ్యా" అన్నాడు.

మాల వేశాడు కాబోలనుకున్నాను. "మండలం దాటి ఇరవై రెండు రోజులైందే, ఇంకా ఇరుముడి కట్టలేదేంరా?" అన్నాను. ఎదురు బంతిలో ఇద్దరు తలెత్తారు. వాడు ఎర్రబడిపోయి, చేయి కడుక్కున్నాక పెరట్లోకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాడు. వాడిది శబరిమల దీక్ష కాదు, నోఫాప్ దీక్ష.

తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. 2011లో అమెరికాలో, పిట్స్‌బర్గ్ కుర్రాడు అలెగ్జాండర్ రోడ్స్ రెడ్డిట్ అనే ఇంటర్నెట్ రచ్చబండ మీద కట్టిన మఠం ఇది. బూతు వీడియోలు చూడకూడదు, వాటి అనుబంధ హస్తకళ అసలే కూడదు. వ్రతం సాగినన్ని రోజులు స్ట్రీక్, భంగమైతే రిలాప్స్, తొంభై రోజులు నిండితే రీబూట్. సంసార సుఖం కూడా మానేస్తే అది హార్డ్ మోడ్. భక్తుడి పేరు పక్కన రోజుల అంకె వేలాడుతుంది, అదే కౌంటరు. మనవాళ్ళు స్వామి అన్నట్టే వాళ్ళు ఒకరినొకరు ఫాప్‌స్ట్రోనాట్ అనుకుంటారు. చంద్రుడి మీద కాలు పెట్టిన వాళ్ళకు ఇంత బిరుదు ఉందో లేదో నాకు అనుమానమే.

ఈ మఠానికి స్థలపురాణం కూడా ఉంది. 2003లో చైనా పరిశోధకులు 28 మంది మగవాళ్ళను పరీక్షించి, ఏడు రోజులు నిగ్రహిస్తే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను మామూలు స్థాయితో పోలిస్తే 145.7 శాతానికి చేరుతుందని రాశారు. ఆ అంకె చుట్టూనే ఇంత గుడి లేచింది. ఏడో రోజు తర్వాత అలాంటి పెరుగుదల కనిపించలేదని కూడా అదే కాగితంలో ఉంది. ఆ వాక్యం దాకా చదివే ఓపిక ఎవరికుంటుంది? కార్పొరేట్ కాలేజీలో చదివిన పిల్లలు, ఇంపార్టెంట్ బిట్లే చూస్తారు.

ఇక వ్రతఫలం. గొంతు గంభీరమవుతుంది, మొహంలో తేజస్సు వస్తుంది, జుట్టు రాలడం ఆగుతుంది, లిఫ్టులో ఆడపిల్లలు తిరిగి చూస్తారు. వీటిని సూపర్‌పవర్లంటారు. ఇదంతా ఎక్కడో విన్నట్టుంది అనుకుని గుర్తు తెచ్చుకుంటే, చిన్నప్పుడు రైలు పట్టాల పక్క గోడల మీద నీలం రంగుతో రాసి ఉండేది: నరాల బలహీనత, గత తప్పిదాలు, గ్యారంటీ వైద్యం, ప్రతి బుధవారం ఫలానా లాడ్జి. లౌసాన్‌లో టిస్సో అనే డాక్టరు 1760లోనే దీని మీద ఓ పుస్తకం రాసి యూరప్ కుర్రాళ్ళకు నిద్ర లేకుండా చేశాడు. మన డాక్టరు సమరం గారేమో ఏళ్ళ తరబడి వారపత్రికలో "ఏమీ కాదు నాయనా" అని అవే ఉత్తరాలకు అదే జవాబు రాస్తూ వచ్చారు. ఏమీ కాదంటే ఎవడికి తృప్తి? ఏదో అవుతుందన్న వాడికే గిరాకీ. లాడ్జి వైద్యుడు ఇప్పుడు టెలిగ్రామ్‌లో కోచ్ అయ్యాడు, బుధవారం దాకా ఆగక్కర్లేదు, అంతే తేడా.

ఈ కౌంటరు న్యాయం ఎంత కఠినమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గాంధీగారు 1906లో బ్రహ్మచర్య వ్రతం పట్టారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1936లో, తనకు కలిగిన కామ చలనాన్ని దాచకుండా తన పత్రికలోనే రాసుకున్నారు. మఠం లెక్కలో పదివేల చిల్లర రోజులు సున్నా. నిన్న సాయంత్రం చేరిన పిల్లాడు ఆయనకంటే సీనియరు.

మావాడు ఫోను నా చేతికిచ్చి గుంపు చూపించాడు. రాత్రి ఒంటిగంటా నలభైకి ఒకడు తన పతనాన్ని ఏ సైటు, ఏ వీడియో, ఎన్ని నిమిషాలు అన్న వివరాలతో సహా నివేదించాడు. ఆ వర్ణన చదివి మరో ముగ్గురు పడిపోయారని కింద వాళ్ళే రాశారు. రెండు వందల ఓదార్పులు. నిజం చెప్పాలంటే కొన్ని చదువుతుంటే గొంతు పట్టేసింది, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాటలు అవి. అట్టడుగున ఎవరో "ఫోను హాల్లో పెట్టి పడుకో తమ్ముడూ" అన్నారు. దానికి ఒక్క లైకు. మావాడిది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల జాబితాలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకు చోటుంది, కానీ పాపం చేశానన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బుగా లెక్కించవద్దనీ అందులోనే రాశారు. ఈ మాట మావాడికి చెప్పాను. "వాళ్ళ స్ట్రీక్ ఎంతట?" అన్నాడు.

కాబట్టి నాదో విన్నపం. ఇంత నిష్ఠ వృథా పోకూడదు. పెళ్ళి బయోడేటాల్లో గోత్రం, జీతం, గ్రీన్‌కార్డు వరసలో స్ట్రీక్ గడి కూడా పెట్టాలి. వధువు తరఫు వాళ్ళు యాప్ స్క్రీన్‌షాట్ అడిగి పుచ్చుకోవాలి. మా అక్క ఎలాగూ సంబంధాలు చూస్తోంది కనుక ముందు మావాడితోనే మొదలెడదామనుకున్నాను. ఒక్క ధర్మసందేహం మిగిలింది. "ఒరే, శోభనం రాత్రి కౌంటరు సున్నా అవుతుందా, నడుస్తుందా?"

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అది హార్డ్ మోడా కాదా అన్నదాన్ని బట్టి మావయ్యా. ఓసారి మోడరేటర్‌ని అడిగి చెప్తాను" అన్నాడు.