అలారం మోగలేదంటే మందు అందుతున్నట్టేనా?

ఇన్సులిన్ పంపు (చక్కెర వ్యాధి ఉన్నవారి ఒంట్లోకి రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ పంపే చిన్న యంత్రం) గొట్టంలో అడ్డు పడితే అలారం వెంటనే మోగుతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. పర్లాకిమిడిలో ఉంటున్న మా తమ్ముడి కూతురు పంపు వాడుతోంది కనుక, ఆ 'వెంటనే' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

పంపు అడ్డంకిని నేరుగా చూడలేదు. మందును తోసే పిస్టన్ మీద పెరిగే ఒత్తిడిని కొలిచి, అది నిర్ణీత హద్దు దాటాకే హెచ్చరిస్తుంది. పంపుల్లో సాధారణంగా వాడే, మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌లో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. గంటకు అర యూనిట్ చొప్పున వెళ్తుంటే ఒక్క నీటిచుక్కంత మందు వెళ్లడానికి సుమారు పది గంటలు పడుతుంది. అంత మెల్లగా తోస్తున్నప్పుడు, గొట్టం కాస్త సాగడం వల్లనూ, లోపలి గాలిబుడగలు కుదించుకుపోవడం వల్లనూ, ఒత్తిడి హద్దు చేరడానికి గంటలు పట్టవచ్చు. భోజనానికి ముందు ఇచ్చే పెద్ద మోతాదు అయితే త్వరగానే తెలిసిపోతుంది. సూది దగ్గర మందు బయటికి కారిపోతుంటే మాత్రం ఒత్తిడే పెరగదు, అలారమూ మోగదు.

పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా తగ్గిపోయే ఇన్సులిన్ కనుక, సరఫరా ఆగిన కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) పెరుగుతాయి. ఒకసారి తెల్లవారుజామున మా తమ్ముడి కూతురికి చక్కెర 380 దాటినా పంపు నిశ్శబ్దంగానే ఉంది. పంపు నుంచి ఒంట్లోకి మందు చేర్చే గొట్టాల సెట్టు తీసి చూస్తే చర్మం కింద ఉండే సన్నని గొట్టం మడతపడి కనిపించింది. పెద్ద వైద్యానికి బరంపురమో శ్రీకాకుళమో పరుగెత్తవలసిన మా వంటి ఊళ్లవారికి, గంటకు అర యూనిట్ వేగంలో అలారం ఎంతసేపటికి మోగుతుందో వ్యాసంలో చెప్పి ఉంటే ఎక్కువ ఉపయోగపడేది.