శనిని దగ్గరగా చూడండి!

కరపత్రం రాసింది నేనే. ఇందులో ఇంకెవరినీ ఇరికించే ఉద్దేశం నాకు లేదు.

వనస్థలిపురం అవతల ఒక కాలనీ పార్కులో టెలిస్కోపు పెట్టి జనానికి ఆకాశం చూపిద్దామని మా ఖగోళ సంఘం తీర్మానించింది. సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. పదకొండు మందిమి, 8 అంగుళాల అద్దమున్న ఒక డాబ్సోనియన్ రకం టెలిస్కోపు, దాన్ని మోయడానికి నడుంనొప్పి లేని సభ్యుడు ఒకే ఒక్కడు. ముహూర్తం 2025 నవంబరు 22, శనివారం. అమావాస్య వెళ్లి రెండు రోజులే కాబట్టి వెన్నెల బెడద లేదు. రాత్రి ఏడూ ఎనిమిదికల్లా శనిగ్రహం బాగా పైకొచ్చి ఉంటుంది. ఐదొందల కరపత్రాలు కొట్టించి, శుక్రవారం పేపర్లో పెట్టించాం.

"ఈ శనివారం రాత్రి 7 గంటలకు మీ కాలనీకి శని వస్తోంది! పూర్తిగా ఉచితం. పిల్లాపాపలతో సకుటుంబంగా రండి. శనిని దగ్గరగా చూడండి!"

ప్రూఫు నలుగురం చూశాం. ఒక్క అక్షరదోషం కూడా లేదని మురిసిపోయాం.

శుక్రవారం పొద్దున ఆరున్నరకే కాలనీ సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశారు. "ఏమండీ, మా కాలనీ మీకేం అపకారం చేసింది?" అన్నారు. నేను డాబ్సోనియన్ గురించి చెప్పబోయాను. "అదంతా సరే, మా ఇంటి అడ్రసు ఎందుకు వేశారు?" అన్నారు. పార్కు వాళ్లింటి ఎదురుగా ఉంది. గుర్తు కోసం వేశాం.

మా రిటైర్డ్ లెక్కల మాస్టారు మాత్రం జంకలేదు. ఆయన కథ వేరు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తుంటే, ఈయన్ని వాళ్ల నాయనమ్మ గదిలో పెట్టి గడియ వేసిందట. ఆ గడియ మీద పగ ఇంకా చల్లారలేదు.

శనివారం ఏడింటికి పార్కులో మేం పదకొండు మందిమి, ఒక వాచ్‌మన్. "గీజరా సార్?" అని టెలిస్కోపు గొట్టం తట్టి చూశాడు. ఏడున్నరకు నలుగురు పిల్లలొచ్చారు. మొదటివాడు కన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "ఉంగరం ఏది అంకుల్?" అన్నాడు.

ఇక్కడ మా గ్రహచారం చెప్పాలి. దాదాపు పదిహేనేళ్లకోసారి శని వలయాలు మనకు అంచు వైపు నుంచి కనిపిస్తాయి. అది ఆ ఏడాదే వచ్చింది. రెండు లక్షల డెబ్భై వేల కిలోమీటర్ల వెడల్పున్న వలయాల మందం చాలాచోట్ల వంద మీటర్లు కూడా ఉండదు. అప్పడాన్ని అంచు మీద నిలబెట్టి చూస్తే ఏం కనిపిస్తుంది? సన్నగీత. 1612లో గెలీలియో అంతటివాడు కూడా శని పక్కన కనిపించేవి మాయమయ్యాయని కంగారుపడ్డాడు. మాస్టారు ఇదంతా వివరిస్తే ఆ పిల్లాడు, "అయితే ఉంగరం ఉన్నప్పుడే పిలవాల్సింది" అన్నాడు. న్యాయమే.

ఎనిమిదింటికి జనం రావడం మొదలైంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సంచి. మాకు ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే సంచుల్లో నల్ల నువ్వులు, నల్లగుడ్డ, నువ్వులనూనె సీసాలు. ఏలినాటి శని నడుస్తున్న కుంభం, మీనం, మేషం వాళ్లంతా కట్టకట్టుకుని దిగారు. "అభిషేకం టికెట్ ఎంత బాబూ?" అని ఒక పెద్దావిడ అడిగింది. టికెట్ లేదంటే, "మరి హుండీ ఎక్కడ?" అంది. మా ట్రెజరర్ చూపు ఒక్క క్షణం చలించింది. నేను చూశాను.

"చూస్తే శని దృష్టి మన మీద పడదూ?" అన్నారు వెనకనుంచి ఎవరో. మాస్టారు వెంటనే అందుకున్నారు. "శని 135 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉందండీ. అక్కడి వెలుగు మనకు చేరడానికి గంటంబావు పడుతుంది. మీరు చూసేది గంటంబావు క్రితం శనిని."

"అంటే రాహుకాలంలో కాదు కదా?"

మాస్టారు వాచీ చూసుకున్నారు. పాపం, నిజంగానే లెక్కవేశారు.

పెద్దావిడ వంతు వచ్చింది. చూసింది. "చిన్న లడ్డూకి పుల్ల గుచ్చినట్టున్నాడు నాయనా" అంది. అంతకన్నా కచ్చితంగా ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. మేం ఆ ఆనందంలో ఉండగానే సీసా మూత తీసి, వేలు ముంచి, ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) అద్దానికి బొట్టు పెట్టి, రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది.

తర్వాతివాడికి శని పెరుగులో వేసిన వడలా కనిపించింది. ఆ తర్వాతివాడికి అసలు కనిపించలేదు, కానీ కనుబొమకు నూనె అంటింది. ఎనిమిదో మనిషి దాకా మాకు సంగతి తెలియలేదు. మబ్బనుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం. తెలిశాక, లెన్సు గుడ్డ కోసం నేను సంచి వెతుకుతుండగా మా ట్రెజరర్ చొక్కా అంచుతో గట్టిగా తుడిచేశాడు. నాలుగున్నర వేల ఐపీస్ మీద ఇప్పుడు ఒక గీత ఉంది. శని వలయం కన్నా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక సర్దేద్దామని అనుకుంటుండగా పదిన్నరకు తూర్పున అపార్ట్‌మెంట్ల పైకి గురుగ్రహం వచ్చింది. పాత ఐపీస్ ఒకటి ఉంటే బిగించి మాస్టారు ఊరికే అన్నారు, "అదిగో, గురువు" అని. లుంగీలతో, నైటీలతో, చంకలో పిల్లలతో కాలనీ మొత్తం దిగింది. కొడుకు ఎంసెట్ పుస్తకం తెచ్చిన తల్లి ఒకామె. పెళ్లి సంబంధం కుదరని అబ్బాయిని అతని మేనమామ రెక్క పట్టుకుని తెచ్చి ముందు నిలబెట్టాడు. వరస గేటు దాటి అధ్యక్షుడి గుమ్మం దాకా పోయింది. ఒంటిగంట వరకూ మాకు మంచినీళ్లు తాగే తీరిక లేదు.

వెళ్లేటప్పుడు అధ్యక్షుడే స్వయంగా టెలిస్కోపు ఒక చివర పట్టుకుని ఆటోలోకి ఎక్కించారు. వచ్చే నెల మళ్లీ గురువుని తీసుకురమ్మన్నారు. కరపత్రాల ఖర్చు కాలనీదేనట. రాయడం మాత్రం ఆయనే రాస్తారట.