బ్లాక్ ఆల్బంతో మెటాలికా అమ్ముడుపోయిందా?

రాక్, మెటల్ వినేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి ఎవరో ఒకరు అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా గురించి ఈ మాట తెస్తారు: "అసలు మెటాలికా క్లిఫ్ బర్టన్‌తోనే పోయింది. మిగిలిన కాస్తా 1991లో బ్లాక్ ఆల్బంతో అమ్ముడుపోయింది. బాబ్ రాక్ అనే పాప్ ప్రొడ్యూసర్‌ని తెచ్చుకుని, వేగం తగ్గించి, ప్రేమపాటలు కట్టి, ఎంటీవీ కోసం మెత్తబడ్డారు. వాళ్లని చూసి మిగతావాళ్లూ చెడిపోయి చివరికి థ్రాష్ చచ్చిపోయింది." క్లిఫ్ అంటే 1986లో పోయిన వాళ్ల బేస్ గిటారిస్టు. బ్లాక్ ఆల్బం అంటే నల్ల అట్టతో, బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బం. థ్రాష్ అంటే మెటల్‌లో మహా వేగంగా సాగే శాఖ. ఆ మాటే ఇప్పుడు మీములుగా, రీల్స్‌గా తిరుగుతోంది. ఆ ఆల్బం వచ్చేనాటికి పుట్టని కుర్రాళ్లు కూడా దగ్గరుండి చూసినట్టు బల్లగుద్ది చెప్తున్నారు. ఆల్బం నచ్చలేదంటే నాకే పేచీ లేదు, ఎవరి చెవులు వాళ్లవి. కానీ అమ్ముడుపోయారు అంటే నేరం మోపినట్టు. అలాంటప్పుడు ఒక్కో ముక్కా విడదీసి చూడాల్సిందే.

మొదట వేగం సంగతి. తగ్గింది, నిజమే. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట నిమిషానికి 200 బీట్లు దాటి పరిగెడితే బ్లాక్ ఆల్బంలోని 'ఎంటర్ శాండ్‌మన్' 120 చిల్లరలో నడుస్తుంది. అక్కణ్ణుంచి "కాబట్టి మెత్తబడింది" అన్న చోటికి ఒక్క గెంతులో ఎలా చేరుకున్నారో నాకు అర్థం కాదు. మెటల్ పుట్టిందే నెమ్మదిలో. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బం మొదటి పాట వినండి, ఒక్కో స్వరం కాళ్లీడ్చుకుంటూ వస్తుంది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న వాళ్ల గిటారిస్టు టోనీ అయోమీ, 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి గిటార్ శృతే బాగా దించేశాడు. తీగలు వదులైతే ఆ వేళ్లకి నొక్కడం తేలిక. దానివల్ల వచ్చిన బరువునే ఈ యాభై ఏళ్లుగా అందరూ వాడుకుంటున్నారు.

మెటాలికాకీ నెమ్మది కొత్త కాదు. 1984లో 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్', 1986లో 'ద థింగ్ దట్ షుడ్ నాట్ బీ' ఉన్నాయి. రెండోదానికి అప్పుడే శృతి దించి వాయించారు కూడా. వాటిని మెత్తని పాటలని ఎవరూ అనలేదే! బ్లాక్ ఆల్బంలో 'శాడ్ బట్ ట్రూ'ని ఫోన్ స్పీకర్లో కాకుండా కాస్త మంచి స్పీకర్ల మీద పెట్టి వినండి. మొదట్లో గిటార్లు విరగ్గొట్టినట్టు కొట్టి ఆగుతాయి. ఆ ఖాళీలో డ్రమ్స్ దెబ్బలు ఒంటరిగా పడతాయి. తర్వాత రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే గిటార్ వరస, దిగుతుంది, కింద బేస్ నేలలా పరుచుకుని ఉంటుంది. ఇది మెత్తబడటమైతే గట్టిపడటం అంటే ఏంటో ఎవరైనా చెప్పాలి. పోనీ పరుగే కావాలంటే 'హోలియర్ దెన్ దౌ', 'త్రూ ద నెవర్', 'ద స్ట్రగుల్ విదిన్' అదే ఆల్బంలో ఉన్నాయి. వేగం పోయిందని ఏడ్చేవాళ్లలో సింగిల్స్ దాటి ముందుకెళ్లినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

రెండోది ప్రేమపాటల ఆరోపణ. 'ఫేడ్ టు బ్లాక్' 1984లో, రెండో ఆల్బంలోనే వచ్చింది. అప్పుడే అకూస్టిక్ గిటార్ వినపడేసరికి "అయిపోయింది, వీళ్లు అమ్ముడుపోయారు" అన్నవాళ్లున్నారు. అంటే ఈ ఆరోపణ బ్లాక్ ఆల్బం కన్నా ఏడేళ్లు పెద్దది. తర్వాత 'వెల్‌కమ్ హోమ్ (శానిటేరియం)', ఆ తర్వాత 'వన్'. ఆ రెండో ఆల్బం నుంచీ ప్రతిదాన్లో మెల్లగా మొదలై ముదిరే పాట ఒకటి పెట్టడం వాళ్లకి ఆనవాయితీ. 1991లో చేసిందల్లా ఆ మెల్లదనాన్ని చివరిదాకా నిలబెట్టడమే.

'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' పుట్టుక చూస్తే ఈ ఆరోపణ ఇంకా తేలిపోతుంది. బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని దూరాన ఉన్న స్నేహితురాలితో మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే వచ్చింది ఆ మొదటి బిట్. ఎడమ చెయ్యి ఖాళీగా లేదు కాబట్టి ఏ తీగనీ నొక్కలేదు. ఆరో తీగ, మూడోది, రెండోది, ఒకటోది, అన్నీ వదిలేసినవే. మన హైదరాబాద్‌లోనూ గిటార్ పట్టిన ప్రతివాడూ మొదటి వారాల్లోనే దీని మీద పడటానికి కారణం అదే, కుడి చెయ్యి ఒక్కటి ఆడితే చాలు. ఆ పాటని బ్యాండ్‌కి వినిపించాలని కూడా హెట్‌ఫీల్డ్ మొదట అనుకోలేదు. స్టూడియో రికార్డింగ్‌లో సోలో కూడా అతనిదే, బ్యాండ్ లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ ఆ పాటలో వాయించలేదు. మార్కెట్ లెక్కలు వేసుకుని కట్టే పాట ఇలా ఉండదు.

ఎంటీవీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వీడియోలు చెయ్యం అని బిగుసుకు కూర్చున్నవాళ్లు ఆ గీత దాటింది 1989లో, 'వన్' పాటకి. ఆ పాట ఉన్న 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'నే ఈ విమర్శకులు చివరి పవిత్ర గ్రంథంలా నెత్తిన పెట్టుకుంటారు. అది బిల్‌బోర్డ్‌లో ఆరో స్థానందాకా వెళ్లింది కూడా. ఇంకో మాట కూడా వినిపిస్తుంది, గ్రంజ్ అనే కొత్త రాక్ గాలి చూసి మారారని. బ్లాక్ ఆల్బం 1991 ఆగస్టు 12న వచ్చింది. ఆ గాలి లేపిన నిర్వాణా 'నెవర్‌మైండ్' సెప్టెంబర్ 24న వచ్చింది. క్యాలెండర్ చూసుకోండి.

అసలు కిటుకంతా క్లిఫ్ బర్టన్ పేరు దగ్గరుంది. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి అతను చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. "క్లిఫ్ ఉంటే ఇలా జరగనిచ్చేవాడు కాదు" అనే మాటకి ఎదురు చెప్పడం కష్టం, అడగడానికి అతను లేడు కాబట్టి. కానీ అతనేం వినేవాడో తెలుసు. బాఖ్ వినేవాడు, లీనర్డ్ స్కినర్డ్ వినేవాడు, మిస్‌ఫిట్స్ వినేవాడు. స్వరమేళాల గురించి మిగతావాళ్లకి నేర్పింది అతనే. 'ఒరాయన్'లో మధ్యలో పాట మొత్తం ఆగి, బేస్ ఒక్కటే మెల్లగా కొత్త దారి తీస్తుంది చూడండి, అక్కడ క్లిఫ్ కనిపిస్తాడు. వేగం తప్ప ఇంకేం వద్దనే మనిషి కట్టే భాగమా అది?

ఇందులో నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. క్లిఫ్ వాయించింది బేస్. అతను పోయాక వచ్చిన తొలి పూర్తి ఆల్బం 'జస్టిస్'. దాన్లో బేస్ ఎక్కడుంది? క్లిఫ్ చోట వచ్చిన జేసన్ న్యూస్టెడ్ కష్టపడి వాయించిందంతా మిక్సింగ్‌లో మాయమైంది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ తగ్గించమన్నాడు కాబట్టే తగ్గించాం అని మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత బయటికే చెప్పాడు. 'బ్లాకెండ్' పెట్టి బేస్ వెతకండి. టకటకమనే డ్రమ్స్, రంపంలా గిటార్లు, కింద ఏమీ ఉండదు. పాటలు గొప్పవే, నాకూ ఇష్టమే. కానీ క్లిఫ్ పేరు మీద కన్నీళ్లు కారుస్తూ, క్లిఫ్ వాద్యాన్నే నొక్కేసిన ఆల్బాన్ని ఆకాశానికెత్తి, ఆ వాద్యానికి మళ్లీ చోటిచ్చిన ఆల్బాన్ని ద్రోహం అనడం ఏం న్యాయం? బ్లాక్ ఆల్బంలో 'ద గాడ్ దట్ ఫెయిల్డ్' మొదలయ్యేదే న్యూస్టెడ్ బేస్‌తో. 'మై ఫ్రెండ్ ఆఫ్ మిజరీ' కూడా అంతే.

పైగా 'ద గాడ్ దట్ ఫెయిల్డ్' దేని గురించి? హెట్‌ఫీల్డ్ తల్లి క్రిస్టియన్ సైన్స్ విశ్వాసి. క్యాన్సర్ వచ్చినా వైద్యం వద్దని, ప్రార్థనే నమ్ముకుని, కొడుకు ఇంకా స్కూల్లో ఉండగానే కన్నుమూసింది. ఆ విశ్వాసం మీది కోపం అతను ఇంత తిన్నగా రాసింది ఈ 'మెత్తబడిన' ఆల్బంలోనే.

ఇక బాబ్ రాక్. మోట్లీ క్రూ 'డాక్టర్ ఫీల్‌గుడ్' చేసినవాడు, నిజమే. ఆ ఆల్బం సౌండ్ లార్స్‌కి నచ్చి కబురు పెట్టారు, అది కూడా మిక్సింగ్‌కి మాత్రమే. చేస్తే ప్రొడక్షన్ మొత్తం చేస్తానన్నాడు రాక్. మీరు స్టేజీ మీద ఉన్నంత బరువుగా రికార్డుల్లో లేరు అని మొహమ్మీదే చెప్పాడు. అప్పటిదాకా డ్రమ్స్ విడిగా, గిటార్లు విడిగా ముక్కలు ముక్కలుగా రికార్డు చేసేవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి కలిసి వాయించమన్నాడు. కట్టుకొచ్చిన కొత్త పాటలన్నీ ఒకే ఇ శృతిలో ఎందుకున్నాయని అడిగాడు. గిటార్‌లో అదే కదా అన్నిటికన్నా కింది స్వరం అని జవాబు. దించి చూడండన్నాడు. అలా డి శృతికి దిగిందే 'శాడ్ బట్ ట్రూ'. పాప్ ప్రొడ్యూసర్ వచ్చి చేసిన ఘోరం ఇది!

'ఎంటర్ శాండ్‌మన్' సాహిత్యం మార్పించాడు కదా అంటారు. మార్పించాడు. మొదట రాసింది ఊయల్లోనే ప్రాణం పోయే పసిబిడ్డల గురించి. ఇంకా బాగా రాయగలవని రాక్, లార్స్ చెప్తే హెట్‌ఫీల్డ్ కూర్చుని తిరగరాశాడు. ఎడిటర్ మాట విని కథ తిరగరాసిన రచయితని అమ్ముడుపోయాడంటామా? లాస్ ఏంజెలెస్ స్టూడియోలో 1990 అక్టోబర్ నుంచి 1991 జూన్ దాకా సాగిన ఆ పనిలో రాక్‌కీ బ్యాండ్‌కీ మధ్య రోజూ కుస్తీయే. అదంతా 1992లో డాక్యుమెంటరీగా కూడా వచ్చింది. అదే కాలంలో లార్స్, హామెట్, న్యూస్టెడ్ ముగ్గురి కాపురాలూ కూలిపోయాయి. తేలిక డబ్బుకి దారి ఇది అయ్యుండదు. అమెరికాలోనే 1 కోటి 60 లక్షలకి పైగా అమ్ముడైంది కదా అంటే, అది విన్నవాళ్ల లెక్క.

మిగిలింది థ్రాష్ చావు. మెగాడెత్ 'రస్ట్ ఇన్ పీస్', స్లేయర్ 'సీజన్స్ ఇన్ ది అబిస్' 1990లో వచ్చాయి. థ్రాష్ అప్పటికే శిఖరం మీదుంది, శిఖరం తర్వాత దారి కిందికే. మరోపక్క డెత్ మెటల్ కుర్రాళ్లు అంతకన్నా వేగంగా, అంతకన్నా కరుగ్గా దూసుకొస్తున్నారు. వేగమే ప్రాణం అనుకున్న శ్రోత ఎటూ వాళ్ల దగ్గరికే పోయేవాడు. బ్లాక్ ఆల్బం చూసి కొందరు నడక తగ్గించిన మాట నిజం. మెగాడెత్ 1992లో అదే చేసి రెండో స్థానందాకా వెళ్లింది. కానీ మెటల్ కఠినత్వం పోయిందా? 1994లో పాంటెరా 'ఫార్ బియాండ్ డ్రివెన్' రావడమే అమెరికా చార్టులో ఒకటో నంబర్‌లో కూర్చుంది. అంత కర్కశమైన ఆల్బం పెద్ద దుకాణాల అరల్లో ముందు వరసకి వచ్చిందంటే, 1991లో మెటాలికా తీసిన తలుపే కొంత కారణమని నా నమ్మకం.

బ్లాక్ ఆల్బంలో లోపాల్లేవని కాదు. 'డోంట్ ట్రెడ్ ఆన్ మీ' నేను దాటేస్తాను, 62 నిమిషాల్లో ఓ పది నిమిషాలు కోసినా నష్టం లేదు. 1996లో 'లోడ్' వచ్చినప్పటి సంగతి పెట్టుకుని పోట్లాడదామంటే రండి, అందులో సగం పాటల విషయంలో నేనూ మీ జట్టే. 2003 'సెయింట్ ఆంగర్'లో ఆ డబ్బా మోతలాంటి స్నేర్ డ్రమ్‌కైతే నా దగ్గర ఏ వాదనా లేదు.